పద్నాలుగు తూటాలూ ఒక ఫోనూ

ఫోను మా అబ్బాయి రాబర్టు చొక్కా జేబులో ఉంది. నేను చూడవలసింది తెర వైపు, కానీ కళ్ళు మాటిమాటికీ ఆ జేబు దగ్గరికే పోతున్నాయి. తెర మీద ఒక గూడ్సు బండి దూసుకొస్తోంది, హీరో పట్టాల మధ్య నిలబడి మీసం సర్దుకుంటున్నాడు, బండి మీదికొచ్చేదాకా ఆగి ఒంటిచేత్తో ఇంజను ముక్కు పట్టుకున్నాడు, వెనక పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, హాలంతా ఈలలు. నాకు నవ్వు రావాలి. ఇలాంటి వాటికి మొదట నవ్వేదాన్ని నేనే, జీడిపప్పు షెడ్డులో నా నోటికి భయపడి మేస్త్రీ కూడా దూరంగా తిరిగేవాడు. ఇవాళ నవ్వు రావడం లేదు. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. మూడింటికీ ఐదింటికీ మధ్యలో చేస్తామన్నారు. మా రాబర్టు కిడ్నీలు రెండూ ఎలా ఉన్నాయో ఆ ఫోనులో చెబుతారు. బాగుంటే ఒకటి తీసి నాకు పెడతారు. అదీ సంగతి. ఇప్పుడు మూడు దాటి ఎంతయిందో తెలియదు, వాణ్ణి అడగాలంటే భయం, అడిగితే ఫోను తీసి చూస్తాడు, చూస్తే ఆ క్షణంలోనే మోగుతుందేమోనని భయం. మోగకపోయినా భయమే అనుకోండి.

సినిమాకి పోదామన్నది వాడే. పొద్దున్నుంచీ చూరు కింద పచార్లు చేసి చేసి, పదింటికి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఇంటికాడ కూకుంటే ఆ ఫోను వచ్చేలోగానే సచ్చిపోతామే అమ్మా. రా, కాశీబుగ్గ ఎల్లి హాల్లో కూకుందాం. ఆ గోలలో ఏటీ తెలీదు" అన్నాడు. నేను సినిమా హాలు గడప తొక్కి ముప్ఫై ఒక్క ఏళ్ళు. మాది బాప్తిస్టు సంఘం. పదహారేళ్ళప్పుడు బారువ సముద్రంలో నడుములోతు నీళ్ళలో నిలబెట్టి పాస్టరయ్యగారు అడిగారు, నగలు వదులుతావా తల్లీ, సినిమాలు వదులుతావా తల్లీ అని. అప్పుడే ఒక కెరటం వచ్చి నోట్లో ఉప్పునీళ్ళు పోయాయి, మాట రాక తల ఊపాను. తల ఊపినా మాట మాటే. పెళ్ళిలో తాళి తప్ప మరో బంగారం తాకలేదు, టీవీలో సినిమా వస్తుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని, షెడ్డులో ఆడవాళ్ళు హీరోల గురించి కొట్టుకుంటుంటే వేళాకోళం చేసేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబెట్టుకున్న మాట తప్పడానికి ఇవాళే దొరికిందా నాకు? ఇంకే రోజైనా తప్పొచ్చు, ఈ ఒక్కరోజు తప్ప. దేవుడికి అంత చిన్న మనసు ఉండదని తెలుసు. సినిమా చూసిందని తల్లి మీద కోపం వచ్చి కొడుకు కిడ్నీ పాడుచేసేవాడు దేవుడెలా అవుతాడు? తెలిసినా భయం భయమే. వాడి మొహం చూసి వచ్చేశాను. వాడి కళ్ళ కింద నల్లగా ఉంది, మూడు రోజుల నుంచి వాడు నిద్రపోలేదు.

ఈ చప్పుడు కుర్చీలోంచి వీపులోకి ఎక్కుతోంది. నా ఎడమ చేతిలో, డయాలసిస్ మిషన్ సూదులు గుచ్చడానికి నరాలు కలిపి కుట్టిన చోట, రక్తం ఎప్పుడూ జుమ్మంటూ ఉంటుంది, ఆ చెయ్యి చెవి కింద పెట్టుకుంటే తుమ్మెద లోపల తిరుగుతున్నట్టే ఉంటుంది. అది ఆగిపోతే ఒక్క నిమిషం కూడా ఉండకుండా వచ్చెయ్యాలని నర్సు చెప్పింది. అందుకని గంటకోసారి తడిమి చూసుకుంటాను, అలవాటైపోయింది. ఇప్పుడు తడిమితే ఏది నా రక్తమో ఏది సినిమా మోతో తెలియడం లేదు. ఆగిపోయిందా? చెవి దగ్గర పెట్టుకున్నాను, తెర మీద బాంబు పేలింది, ఏమీ వినబడలేదు. వేళ్ళతో గట్టిగా నొక్కాను. ఉంది, కదులుతోంది. ఊపిరి తీసుకుందామంటే అదీ సగమే వచ్చింది. ఇవాళ గురువారం. మంగళవారం సోంపేటలో మిషన్ మీద పడుకున్నాను, మళ్ళీ రేపు పడుకోవాలి, ఈ మధ్య తాగిన నీళ్ళన్నీ ఒంట్లోనే ఉన్నాయి, కాళ్ళు ఇసుక నింపిన గోనెల్లా ఉన్నాయి. తెర మీద వాన. హీరో వానలో తడుస్తూ కొడుతున్నాడు, నోరు తెరిచి వాననీళ్ళు పట్టి, పుక్కిలించి, ఒకడి మొహాన ఊశాడు, ఆ ఉమ్మికే వాడు పదడుగులు వెనక్కి ఎగిరాడు. ఎన్ని నీళ్ళు! నాకు రోజుకి అర లీటరు. పొద్దున్నే సీసాలో పోసుకుంటాను, మాత్రలకి పోగా మిగిలింది గుటక గుటకగా దాచుకుంటాను. మా వీధి కుళాయి కారుతుంటే చూడలేను, లేచి వెళ్ళి కట్టేసి వస్తాను. ఈ సినిమా తీసినవాళ్ళు ఎన్ని ట్యాంకర్లు పోశారో, నా గొంతు ఎండిపోతోంది.

వెనక నుంచి ఒకడు వచ్చి హీరోని నడుములో పొడిచాడు. కళ్ళు మూసేసుకున్నాను. అక్కడే కోస్తారు. డాక్టరు కాగితం మీద మనిషి బొమ్మ గీసి, పక్కటెముకల కింద పెన్నుతో ఒక గీత పెట్టి చూపించాడు, ఇంతేనమ్మా, వారంలో లేచి తిరుగుతాడు అన్నాడు. ఆయనకి అది గీత. మా వాడు కొబ్బరిచెట్లు ఎక్కుతాడు. ఇంటర్ దాకా చదివాడు, ఉద్యోగం వచ్చేదాకా అని మొదలుపెట్టాడు, ఇప్పుడు ఊళ్ళో వాడంత వేగంగా కొబ్బరికాయలు దింపేవాడు లేడు. నడుముకి తాడు వేసుకుని ఎక్కుతాడు, సరిగ్గా ఆ గీత పెట్టిన చోటే తాడు ఒరుసుకుని చర్మం నల్లబడి గట్టిపడిపోయింది. ఆ చర్మాన్ని కోస్తారు. కోశాక మళ్ళీ చెట్టెక్కుతాడా? అరవై అడుగుల ఎత్తున కుట్లు లాగితే? కళ్ళు తెరిచేసరికి హీరో నడుములోంచి కత్తి తీసి, అదే కత్తితో బొండం చెక్కి నీళ్ళు తాగుతున్నాడు. హాలంతా విరగబడి నవ్వుతోంది, మా వాడు కూడా నవ్వాడు, కానీ ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు, పక్కవాళ్ళు నవ్వడం విని నవ్వాడు. వాడూ సినిమా చూడడం లేదు.

బొండం నీళ్ళు నాకు విషం. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, కొడుకు కొబ్బరి దింపేవాడు, ఒక్క గుక్క తాగితే గుండె ఆగిపోవచ్చు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఇలాంటివి ఎవరికి చెప్పినా కొత్తగా వినరు. మా వైపు పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా కాఫీ తాగుతూ రక్తంలో క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు, పిల్లల మార్కులు అడిగినట్టు. నాలుగేళ్ళ కిందట షెడ్డులో కూర్చుని లేవబోతే చెప్పులు కాళ్ళకి పట్టలేదు. పక్కన కూర్చునే గురమ్మ నా చీలమండ మీద బొటనవేలుతో నొక్కింది. గుంట పడింది. వేలు తీశాక కూడా అలాగే ఉండిపోయింది. మళ్ళీ కూర్చుని సాయంత్రం దాకా గింజలు కొట్టాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చూపించాను. మా ఆయన కృపానిధి ఆ రాత్రే అన్నాడు, "రెండున్నాయి కదే సుందరీ నాకు, ఒకటిస్తాను. పెళ్ళిలో ఏటీ ఎట్టలేదు కదా నీకు." ఆ మనిషిది అదే వరస, ఎంత పెద్ద మాటయినా వేళాకోళంలా అనేస్తాడు. నావి పూర్తిగా పోయి మిషన్ ఎక్కాక పరీక్షలకి వెళ్ళాడు. ఒంటి మీద వాపు లేదు, ఆకలి తగ్గలేదు, సైకిలు మీద పన్నెండు మైళ్ళు పోయి వచ్చే మనిషి. సాయంత్రం బస్సు దిగి వచ్చి అరుగు మీద కూర్చుని నవ్వాడు. "నీకిద్దామని ఎల్తే నాకే లేవంటన్నారే" అన్నాడు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఆరు దాటిపోయింది. ఇవ్వడానికి వెళ్ళిన మనిషి వచ్చి నా పక్క మంచం మీద పడుకున్నాడు, సోంపేటలో ఆయనొక మిషన్, నేనొక మిషన్. పద్నాలుగు నెలలు. పోయిన వేసవిలో పోయాడు. తర్వాత శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

అందుకే రాబర్టు తనది ఇస్తానన్నప్పుడు చెప్పు తీసుకుని కొట్టబోయాను. నిజంగానే చెప్పు తీశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అమ్మ అడక్కుండానే కొడుకు పెడతానంటున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, వాడి ఒంట్లోది తీసుకుని నేను ఇంకో పదేళ్ళు జీడిగింజలు కొట్టాలా? ఒద్దంటే ఒద్దన్నాను. వాడు నాతో వాదించలేదు. బొండాల లారీ ఎక్కి విశాఖపట్నం పోయి, గ్రూపు పరీక్ష చేయించుకుని, నాదీ వాడిదీ కలిసిందని కాగితం తెచ్చి గ్యాస్ పొయ్యి పక్కన పెట్టాడు. కోడలు వద్దంటుందనీ, అత్తింటివాళ్ళు ఒప్పుకోరనీ ఏదైనా వంక చెబుదామంటే వాడికి పెళ్ళే కాలేదాయె. సరే, మిగిలిన పరీక్షలు కూడా చేయించుకో అన్నాను. ఒప్పుకున్నానని వాడు సంబరపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. పరీక్షల్లో ఏదో ఒకటి తప్పుతుంది, నా నోటితో కాదనే పని తప్పుతుంది అనుకున్నాను. అప్పటి నుంచీ రోజూ మోకాళ్ళ మీద ఒకటే ప్రార్థన, వాడిది నాకు సరిపోకూడదు ప్రభువా, సరిపోకూడదు. సంఘంలో ఆడవాళ్ళంతా చేతులు పైకెత్తి, మా జ్ఞానసుందరమ్మకి కొడుకు కిడ్నీ సరిపోవాలని కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే, నోటితో వాళ్ళతోపాటు ఆమెన్ అనేదాన్ని, లోపల మాత్రం నా మాట నాదే. పాపం, పాతికమంది ప్రార్థన ఒకవైపు, నాది ఒక్కదానిది ఒకవైపు. నాదే గెలుస్తుందని నమ్మకం, తల్లిని కదా.

లైట్లు వేశారు. ఇంటర్వెల్. ఫోను రాలేదు. మా వాడు జేబులోంచి తీసి చూశాడు, సిగ్నల్ ఉందా అని పైకెత్తి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నాలుగైపోనాది. వస్తాదిలే" అన్నాడు నాతో అన్నట్టు, తనతో అనుకున్నట్టు. బయటికి వెళ్ళాడు. నేను తల తిప్పేసరికి నడవాలో మా సంఘం పెద్ద, తెల్ల చొక్కా, చేతిలో పాప్‌కార్న్ డబ్బా. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తప్పించుకునే దారి లేదు. "వందనాలమ్మా" అన్నాడు. "వందనాలయ్యా" అన్నాను. "మనవడు ఏడిస్తే తీసుకొచ్చినానమ్మా" అన్నాడు. మనవడు నాకు ఎక్కడా కనబడలేదు. ఇంకో రోజయితే ఈ ముక్క నేను నెలరోజులు చెప్పుకుని నవ్వేదాన్ని. ఆయన వెళ్ళిపోయాక, ఒకవేళ ఇది శిక్షయితే నేనొక్కదాన్నే కాదులే, ఆయన కూడా ఉన్నాడు కదా అని కాస్త ధైర్యం వచ్చింది, ఎంత అల్పమైన ధైర్యమో. రాబర్టు కాగితం కప్పులో రెండు ఐసుముక్కలు తెచ్చాడు. కూల్‌డ్రింకు కొట్టువాణ్ణి అడిగి తెచ్చాడు. నీళ్ళు తాగకూడదని ఐసు చప్పరిస్తాను, వాడికి తెలుసు, నేను దాహమని చెప్పకుండానే వాడికి తెలుస్తుంది. చప్పరిస్తూ వాడి వంక చూశాను. నాకు కొడుకే కాదు, అమ్మ కూడా వాడే అయిపోయాడని ఏడుపొచ్చింది, మింగేశాను.

మళ్ళీ చీకటి. ఇప్పుడు హీరోయిన్ చావుబతుకుల్లో ఉంది. రక్తం కావాలి. ఊరంతా వెతికినా దొరకలేదు. హీరో ఒక గొట్టం తెచ్చి ఒక కొస తన చేతిలో గుచ్చుకున్నాడు, రెండో కొస ఆ పిల్ల చేతిలో గుచ్చాడు. అంతలో రౌడీలు తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చారు. ఒక చేత్తో రక్తం ఇస్తూ రెండో చేత్తో అందర్నీ కొడుతున్నాడు, గొట్టం చాలనప్పుడు మంచాన్ని కాలితో తోసుకుంటూ కొడుతున్నాడు. వెనక వరసల్లోంచి ఒకడు పెద్దగా అరిచాడు. "ఒరే, క్రియాటినిన్ సూసినారేటిరా ముందు!" హాలు హాలంతా నవ్వింది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, మా పక్క సీటులో ముసలమ్మ ఊగిపోతూ నవ్వింది. నేనూ నవ్వాను, ఇవాళ మొదటిసారి, నోరారా. మరే ఊళ్ళోనైనా ఆ మాటకి నవ్వుతారా? నవ్వు అంత ఒక్కసారిగా లేచి, అంత ఒక్కసారిగా పడిపోయింది. ఎవరింట్లోవాళ్ళు వాళ్ళకి గుర్తొచ్చి ఉంటారు. ఆ నిశ్శబ్దంలో నాకు అర్థమయింది.

గ్రూపు కలిసిపోయింది. నెల కిందటే కలిసింది, ఆ తర్వాత చేసిన జత పరీక్షలూ కలిశాయి. ఇంక వాడిది పనికిరాదని వాళ్ళు చెప్పాలంటే ఒక్కటే దారి, వాడివి పాడయి ఉండాలి. వాళ్ళ నాన్నవి పాడయినట్టు. ఒంటి మీద ఏ గుర్తూ లేకుండా, సైకిలు తొక్కుతూనే, నవ్వుతూనే. నెలరోజుల నుంచి నేను మోకాళ్ళ మీద అడుగుతున్నది అదా? సరిపోకూడదు, సరిపోకూడదు అని, కొలత తప్పిన జాకెట్టు వెనక్కి ఇచ్చేసినట్టు వాడిది వాడికి వెనక్కి వెళ్ళిపోతుందనుకుని, నా కొడుకుని ఆ పక్క మంచం మీద పడుకోబెట్టమని అడుగుతున్నానా? ఐసుముక్క నాలుక మీద ఉందో కరిగిందో తెలియలేదు. మంగళవారం వాడు రక్తం ఇచ్చేవేళకి నేను సోంపేటలో పడుకుని అదే ప్రార్థన చేస్తున్నాను, సరిగ్గా అదే గంటలో. అడిగింది ఇచ్చేశాడేమో. రెండు రోజులయింది, ఇచ్చేసి ఉంటాడు, వెనక్కి తీసుకుంటాడా? వద్దు ప్రభువా, నాకు తెలియక అడిగాను, తెలివితక్కువదాన్ని, నా మాట పట్టించుకోకు, ఆ పాతికమంది మాట విను. అని అంటున్నానే కానీ ఎక్కడ నుంచి అంటున్నాను? సినిమా హాల్లో కూర్చుని, ఒకడు పదిమందిని తన్నుతుంటే చూస్తూ. ఇక్కడ నుంచి చేస్తే వింటాడా?

వాడి కాళ్ళు చూడాలి. ఆ ఆలోచన వచ్చాక ఇంక ఆగలేకపోయాను. కింద పడిన దేన్నో వెతుకుతున్నట్టు వంగాను. కడుపులో నీళ్ళు గొంతులోకి తన్నుకొచ్చాయి, ఊపిరాడలేదు, అయినా వంగాను. వాడు చెప్పులు విడిచి కూర్చున్నాడు. చీకట్లో చేత్తో తడిమాను, మడమ, చీలమండ, ఎముక పక్కన. బొటనవేలు పెట్టి నొక్కాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తీశాను. మళ్ళీ వేలితో తడిమాను, గుంట ఉందా? తెలియడం లేదు. నా వేళ్ళకే స్పర్శ సరిగా లేదు, జీడిగింజల పాలు తగిలి తగిలి తోలు ఊడిపోయిన వేళ్ళు. వాడు కాలు చటుక్కున లాక్కున్నాడు.

"ఏటే అమ్మా?"

"ఏటీ లేదు. సెప్పు జారిపోనాది, సూస్తన్నాను."

వాడు నా చెవి దగ్గరికి వంగి, "గుంట పడదులేవే. పొద్దున్నే నానూ నొక్కుకు సూసుకున్నాను. నిన్నా సూసుకున్నాను" అన్నాడు. అంటే వాడికీ అదే భయం. నా కోసం భయపడుతున్నాడనుకున్నాను నేను, తన కోసం కూడా భయపడుతున్నాడు, ఒక్కడే పొద్దున్నే దొడ్డి గోడ పక్కన నిలబడి కాలు నొక్కుకుంటూ. ఆ భయం నాకు చెప్పలేదు, చెబితే నేను వద్దంటానని. దాన్ని జేబులో పెట్టుకుని నాకు సినిమా చూపిస్తున్నాడు. నా కడుపున పుట్టినవాడి మనసు నాకు ఇంతసేపు తెలియలేదు.

ఫోను కదిలింది. మోత వినబడలేదు, జేబులో వెలుగు కనబడింది. వాడు తీశాడు, చెవికి పెట్టుకున్నాడు, "ఆ, రాబర్టునే సార్, ఇనబడట్లేదు సార్, ఒక్క నిమిషం" అంటూ మోకాళ్ళు తోసుకుంటూ నడవాలోకి వెళ్ళాడు. తలుపు తెరుచుకుని పగటి వెలుగు ఒక పలకలా పడింది, మూసుకుంది. వాడు లేడు. కుర్చీ ఖాళీ. లేచి వెళ్ళాలి, కాళ్ళు లేవలేదు. ప్రార్థన చెయ్యాలి, నోరు రాలేదు. మొదటిసారి నాకు ప్రార్థన అంటే భయం వేసింది, ఏమడిగితే ఏమవుతుందో, ఏ మాట ఎలా తిరగబడుతుందో. అందుకని ఏమీ అడగలేదు. తెర మీద హీరోని గోడకి ఆనించి కాలుస్తున్నారు, నేను తూటాలు లెక్కపెట్టాను. ఒకటి భుజంలో. రెండు. మూడు రొమ్ములో. వాడు కిందపడడం లేదు. నాలుగు, ఐదు. తలుపు వైపు చూశాను, మూసే ఉంది. మంచి మాటయితే ఇంతసేపు పడుతుందా? ఆరు. కృపానిధికి చెప్పేటప్పుడు కూడా చాలాసేపు చెప్పారట, కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. బయట మెట్ల మీద కూర్చుండిపోయాడేమో. అక్కడి నుంచే ఎటైనా వెళ్ళిపోయాడేమో, నాకు మొహం చూపించలేక. పది. పదకొండు. పన్నెండు మోకాల్లో. హీరో ఇప్పుడు పడ్డాడు. పదమూడు. సోంపేటలో ఆ పక్క మంచానికి తెల్ల రెగ్జిన్ పరుపు, తల దగ్గర చిరుగు. పద్నాలుగు. తెర మీద ఆసుపత్రి, గుండె గీత పైకీ కిందికీ ఊగి ఊగి సాఫీగా అయిపోయింది. హాలంతా చప్పుడు లేదు. తలుపు తెరుచుకుంది.

వాడు నడిచి వస్తున్నాడు. వెలుగు వెనక ఉంది, మొహం కనబడదు. నడక చూశాను, నడక బట్టి ఏమైనా తెలుస్తుందేమోనని. తెలియలేదు. అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కూర్చుని, తెర వైపే చూస్తూ, "బాగున్నాయంట" అన్నాడు. "రెండూ బాగున్నాయంట అమ్మా. ఏటీ లేదంట నాకు."

నేను ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాను. వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. పక్క సీటు ముసలమ్మ నా మోచెయ్యి తట్టి, "ఊరుకోమ్మా, ఈరో సావడు. ఇప్పుడే లేస్తాడు సూడు" అంది. నిజమే, అంతలోనే లేచాడు, గొట్టాలన్నీ పీకేసుకుని, పద్నాలుగు తూటాలూ ఒక్కొక్కటీ వేళ్ళతో తీసి పళ్ళెంలో వేస్తూ. హాలు దద్దరిల్లిపోయింది. నా కొడుక్కి ఏమీ లేదు. నా కొడుకు నిండుగా ఉన్నాడు. ఒక నిమిషం, నిండా ఒక్క నిమిషం, నాకు ఏ భయమూ లేదు.

"వచ్చే నెల పదోతారీఖున జాయినయిపోమన్నారు ఇద్దర్నీ" అన్నాడు. అంతే, మళ్ళీ వచ్చేసింది, ఈసారి ఇంకో వైపు నుంచి. ఇంక ఏ పరీక్షా లేదు నేను దాక్కోవడానికి. గ్రూపు లేదు, అంకె లేదు, డాక్టరు లేడు, దేవుడు కూడా పక్కకి తప్పుకున్నాడు, కాదనాలంటే నేనే అనాలి. వాడికి బాగున్నవి రెండే రెండు. అందులో ఒకటి తీసేస్తే, రేపు ఆ మిగిలినదానికి మన ఊరి నీళ్ళో గాలో ఏదో పట్టుకుంటే? వాళ్ళ నాన్న రక్తమే కదా వాడిది. అప్పుడు ఎవరిస్తారు వాడికి? కాదు అనబోయాను. నోట్లో సిద్ధంగా ఉంది మాట, వాడు ఇస్తానన్న రోజు నుంచీ సిద్ధంగా ఉంది. వాడు నా వైపు తిరిగాడు. తెర వెలుగులో వాడి మొహం చూశాను. ఏడుస్తున్నాడు, చిన్నప్పటిలా, కింది పెదవి వణుకుతూ.

"నాన్న ఇస్తానన్నప్పుడు నువ్వు ఒద్దన్లేదు కదే" అన్నాడు. "ఆయన సావు సూసినాను. నీది కూడా నానే సూడాలా? ఒక్కణ్ణి ఉండిపోవాలా నాను? ఏటంతావు, సెప్పు."

నేనెప్పుడూ వాడి వైపు నుంచి లెక్కవేయలేదు. వాడు ఇవ్వడం నాకు బతుకు అనుకున్నాను, వాడికి కూడా అదే బతుకని అనుకోలేదు. తీసుకోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు నాకు. పెట్టడమే నేర్పారు మా అమ్మలు, ముద్ద ఎదుటివాడి కంచంలో వేసి మనకి ఆకలి లేదనడం నేర్పారు. చెప్పాను. వాడు ముందుకు వంగి, "ఏటి? ఇనబళ్ళేదు" అన్నాడు. తెర మీద తుపాకులు, డప్పులు, హీరో లారీని భుజం మీద ఎత్తాడు. గొంతులో ఉన్న బలమంతా తీసుకుని అరిచాను, నేను నోరు తెరిచిన ఆ క్షణానికే హీరో చెయ్యి పైకెత్తాడు, మోతలన్నీ ఠక్కున ఆగిపోయాయి.

"తీసుకుంటానురా నీ కిడ్నీ!"

హాలంతా వినబడింది. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. వెనక వరసల్లో ఒక్క ఈల లేదు, ఒక్క మాట లేదు. ఎవరూ నవ్వలేదు. మా వాడు నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, తల దాని మీద ఆనించి, గట్టిగా ఏడ్చాడు. నాకు భయంగానే ఉంది.